జీపు వెనుక ఇరుసులోని మ్రోత

ప్రతిదినమును రేడియో వినువారి చెవికి తెలియకుండగనే ఒక పదును వచ్చును. ముల్లు తన స్థానమునుండి వెండ్రుకవాసి తొలగినను, తంబురా శ్రుతి రవంత దిగినను, పాట నడుమ గరగర పుట్టినను, అది దూరపు ఉరుముల వలన కలిగినదా, ఇంటి పంకా వలన కలిగినదా, పెట్టెలోని లోపమా అని పిల్లలు సైతము చెప్పగలరు. ఈ విచక్షణనే పాత జీపు గలవారు తమ బండి విషయమున చూపినచో ఎంతో ధనవ్యయము తప్పును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమే తప్పును. నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు పాత జీపులో వెనుకనుండి మ్రోత పుట్టినప్పుడు అది ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్‌దా, లేక దాని ఇరుగుపొరుగులదా అని నిర్ణయించుట యెట్లో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

జీపు మనకు కొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 మొదలు 1945 వరకు, అమెరికాలో విల్లీసు, ఫోర్డు కర్మాగారములు రెండును కలసి ఆరు లక్షలకు పైగా జీపులను తయారుచేసినవి. 1947లో మహీంద్రావారు విల్లీసు జీపును మన దేశమునకు తెచ్చిరి. 1953లో వెలువడిన సిజె-3బి అను ఎత్తైన మూతిగల నమూనాను వారే పిదప అనేక సంవత్సరములు ఇచ్చట తయారుచేసిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకములు ప్రారంభమైన పిమ్మట బ్లాకు ఆఫీసరుగారి జీపు పల్లెపల్లెకును పరిచితమయ్యెను. అట్టి పాత బండ్లు చేతులు మారి, తోటలలోను, ఏజెన్సీ దారులలోను, ముచ్చటపడి ఉంచుకొన్నవారి ఇండ్లలోను నేటికిని తిరుగుచున్నవి. ఈ ప్రసంగములో చెప్పు లెక్కలు సిజె-3బి బండికి సంబంధించినవి. ఇతర బండ్లలో అంకెలు మారును కాని పద్ధతి మారదు.

ముందుగా ఆ ఇరుసులో నేమున్నదో చూతము. గేరుపెట్టె వెనుక, బలమును ముందువెనుక ఇరుసులకు పంచు పెట్టె యొకటి కలదు. దీనిని ట్రాన్స్‌ఫరు పెట్టె యందురు. దానినుండి వెనుకకు పోవు పొడుగాటి గొట్టము ప్రొపెల్లరు షాఫ్టు. దాని రెండు కొనలందును క్రాసులు, అనగా యూనివర్సల్ జాయింటులు, ఉండును. ఆ షాఫ్టు ఇరుసు కడుపులోనున్న పినియను అను చిన్న పండ్ల చక్రమును త్రిప్పును. పినియనుకు 8 పండ్లు. అది త్రిప్పు పెద్ద క్రౌను చక్రమునకు 43 పండ్లు. కావున షాఫ్టు సుమారు అయిదుంబావు చుట్లకు పైగా, లెక్క ప్రకారము 5.38 చుట్లు, తిరిగినగాని రోడ్డు చక్రము ఒక చుట్టు తిరుగదు. ఈ యంకెను జ్ఞాపకముంచుకొనుడు. రోగనిర్ణయమున ఇదియే మనకు తూనికరాయి.

క్రౌను చక్రమును అంటియున్న గూటిలో రెండు చిన్న పినియనులు, రెండు ప్రక్క చక్రములు కలవు. అసలు డిఫరెన్షియల్ అనునది ఇదియే. బండి మలుపు తిరుగునప్పుడు బయటి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము నడువవలెను. జీపు చక్రముల నడిమి యెడము సుమారు మీటరుంబావు. గుండ్రముగా ఒక పూర్తి చుట్టు తిరిగినచో బయటి చక్రము లోపలి దానికంటె సుమారు 7.7 మీటర్లు అధికముగా నడచును. ఆ చుట్టు చిన్నదైనను పెద్దదైనను ఈ భేదము మారదు. రెండు చక్రములును ఒకే కడ్డీకి బిగించియున్నచో ఏదో ఒకటి నేలపై ఈడ్చుకొని పోవలసినదే. ఈ చిక్కును తీర్చుటకై ఫ్రాన్సు దేశపు గడియారముల పనివాడు ఒనెసిఫోర్ పెక్కర్ 1827లో ఆవిరిబండికొరకు డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందెను. ఒక చక్రము ఎంత తగ్గునో రెండవది అంత పెరుగును. క్రౌను చక్రము నూరు చుట్లు తిరుగునప్పుడు ఎడమది 95 తిరిగినచో కుడిది 105 తిరుగును. తిన్నని దారిలో మాత్రము ఈ చిన్న చక్రములు తమలో తాము తిరుగవు. గూటితో కలసి ఒక ముద్దవలె తిరుగును. ఈ సంగతియు మనకు ముందు ఉపయోగపడును.

ఇక నాకు స్వయముగా తెలిసిన ఒక ఉదంతము. మా మేనమామగారికి ఒక పాత సిజె-3బి ఉండెడిది. మారేడుమిల్లి అడవిదారిలో ఆయన తరచుగా తిరుగుచుండెడివారు. ఒకయేడు వర్షాకాలము వెళ్లిన పిమ్మట బండి వెనుకనుండి గుర్రుమను రొద ప్రారంభమయ్యెను. ఆయన దానిని ఒక షెడ్డుకు తీసికొనిపోయిరి. అచ్చటివారు బండిని పది అడుగులు నడిపి, “క్రౌను పినియను పోయిందండీ” అని తేల్చి, ఇరుసు విప్పి, కొత్త జత వేసి, పెద్ద మొత్తము పుచ్చుకొనిరి. బండి బయటకు వచ్చిన నాడే గుర్రుమను రొద యథాప్రకారము వినవచ్చెను. దానికితోడు అంతకుముందు లేని జుయ్‌మను ఊళ కూడ చేరెను. ఒక రోగమునకు మందు పుచ్చుకొని రెండు రోగములు తెచ్చుకొన్నట్లయ్యెను. ఆ కథ ముగింపు చివర చెప్పెదను. దానినుండి మొదటి సూత్రమును మాత్రము ఇప్పుడే గ్రహింతము: విప్పుటకు ముందు వినవలెను, వినుటకు ముందు ఇరుగుపొరుగులను గుర్తింపవలెను.

ఇరుసునకు ఇరుగుపొరుగులు చాలమంది కలరు. టైర్లు, చక్రముల బేరింగులు, షాఫ్టు క్రాసులు, ట్రాన్స్‌ఫరు పెట్టె, గేరుపెట్టె, వదులైన సైలెన్సరు పట్టీ, వెనుక తగిలించిన అదనపు చక్రము: వీనిలో దేని రొదయైనను రేకు పెట్టెవంటి జీపులో వెనుకనుండియే వచ్చుచున్నట్లు తోచును. అందుచేత మొదట వదులు సామాను నంతయు దింపివేయవలెను. టైర్ల గాలి సరిచూడవలెను. అటుపిమ్మట బండి నిలిపియుంచి, గేరు న్యూట్రలులో ఉంచి, ఇంజను నడిపి వినవలెను. రొద అప్పుడే వినబడినచో దానికి ఇరుసుతో సంబంధము లేదు. తరువాత ట్రాన్స్‌ఫరు పెట్టె మీటను న్యూట్రలులో ఉంచి, గేరు వేసి, క్లచ్చి వదలవలెను. బండి కదలదు కాని గేరుపెట్టెయు, ట్రాన్స్‌ఫరు పెట్టెలోని కొన్ని చక్రములును తిరుగును. ఈ జీపులలో ట్రాన్స్‌ఫరు పెట్టె పండ్ల చక్రములతోనే నడచునదగుటచే కొంత జుయ్‌మనుట దానికి పుట్టుకతో వచ్చిన గుణము. అది క్రొత్తగా హెచ్చినదా లేదా అనుటయే ప్రశ్న.

ఇవి యయిన పిమ్మట దారికి పోవలెను. జనసంచారము లేని, చదునైన, తిన్నని తారురోడ్డును ఎన్నుకొనవలెను. వెనుక సీటులో చెవి బాగుగా వినబడు మరియొకరు కూర్చుండిన మేలు. బండిని నాలుగైదు మైళ్లు నడిపి ఇరుసులోని నూనె వెచ్చబడనిచ్చి, రెండు చక్రముల నడకలోనే ఉంచి, నాలుగు స్థితులలో వినవలెను. మొదటిది: యాక్సిలరేటరు త్రొక్కి బండిని లాగించుట. రెండవది: వేగము పెరుగక తరుగక ఉండునట్లు పాదమును తేలికగా ఉంచుట. మూడవది: గేరులోనే ఉంచి పాదము తీసివేసి, బండి ఇంజనును ఈడ్చుకొనిపోవునట్లు చేయుట. నాల్గవది: గేరు న్యూట్రలుకు తెచ్చి, ఇంజను ఆగకుండ, బండిని జారనిచ్చుట. ఇంజనును ఆర్పివేసి జారనిచ్చుట ఎన్నడును కూడదు.

లాగునప్పుడు ఒక విధముగాను, విడిచినప్పుడు మరియొక విధముగాను మారు జుయ్‌మను ఊళ పండ్ల చక్రములది. ఏలన, లాగునప్పుడు పినియను పండ్ల ఒక ప్రక్కయు, విడిచినప్పుడు రెండవ ప్రక్కయు బరువు మోయును. లాగునప్పుడు మాత్రమే ఊళవేయుచున్నచో క్రౌను, పినియనుల అమరిక సరిగా లేదనియో, పినియను బేరింగులు గరుకెక్కినవనియో అనుమానింపవచ్చును. విడిచినప్పుడు మాత్రమే ఊళవేయుచున్నచో పండ్ల నడుమ సందు మితిమీరినదనియో, పినియను ముందువెనుకలకు ఆడుచున్నదనియో అనుమానింపవచ్చును. రెండు వేళలను వినబడినచో పండ్లు అరిగియుండును, లేదా మరీ దగ్గరగా బిగింపబడి యుండును. ఇక బరువు మారినను, న్యూట్రలులో జారినను ఏమాత్రమును మారక, వేగముతోపాటు మాత్రమే హెచ్చి తగ్గు గుర్రుమను రొద పండ్లది కాదు. అది బేరింగులదో టైర్లదో అయియుండును.

టైర్ల రొదను వేరుచేయుట సులభము. తారురోడ్డునుండి మట్టిదారికి దిగినప్పుడు రొద స్వభావము మారినచో, లేక ఆగిపోయినచో, అది టైరుది. ఇరుసులోని పండ్లకు క్రింద తారున్నదో మట్టియున్నదో తెలియదు గదా! లోతైన గాళ్లుగల జీపు టైర్లు తారుపై తుమ్మెదలగుంపువలె రొదచేయుట సహజమే. అవి పాతబడి వంకరగా అరిగినచో బేరింగు పోయినట్లే భ్రాంతి కలిగించును. చక్రములను ముందువి వెనుకకు, వెనుకవి ముందుకు మార్చి మరల వినినచో ఆ భ్రాంతి తొలగును.

ఇప్పుడు మన తూనికరాయిని ఉపయోగింతము. 16 అంగుళముల చక్రమునకు వేయు జీపు టైరు ఒక చుట్టునకు సుమారు రెండుంబావు మీటర్లు నడచును. కాబట్టి గంటకు 40 కిలోమీటర్ల వేగమున రోడ్డు చక్రము సెకనుకు 5 చుట్లును, ప్రొపెల్లరు షాఫ్టు సెకనుకు సుమారు 27 చుట్లును తిరుగును. క్రౌను, పినియనుల పండ్లు ఒకదానితో నొకటి సెకనుకు 215 మారులు కలియును. సంగీతాభిమానులకు ఇందులో ఒక వినోదమున్నది. 215 కంపనముల నాదము స్త్రీలు పాడు అయిదున్నర, ఆరు శ్రుతుల షడ్జమమునకు నడుమ నుండును. 40 కిలోమీటర్ల వద్ద ఆ స్థాయిలో పలికి, 20 కిలోమీటర్లకు దిగినప్పుడు సరిగా ఒక స్థాయి క్రిందికి దిగు ఊళ పండ్ల చక్రములదని సంకోచము లేకుండ చెప్పవచ్చును. అదే వేగమున మీద స్థాయిలోను మంద్రముగా గుర్రుమనునది దానికి చెందినది కాదు.

టక్కుటక్కుమను దెబ్బలైనచో లెక్కించుట ఇంకను సుళువు. బండిని గంటకు 8 కిలోమీటర్ల వేగమున, అనగా మనిషి చిన్నపరుగుతో వెంట రాగలిగినట్లు, నడిపినచో రోడ్డు చక్రము సెకనుకు ఒక చుట్టు తిరుగును. దెబ్బ సెకనుకు ఒకటి చొప్పున వినబడినచో లోపము చక్రముతో సమానముగా తిరుగుదానిలో, అనగా టైరులోనో, హబ్బులోనో, క్రౌను చక్రపు విరిగిన పన్నులోనో, ఉన్నది. సెకనుకు అయిదారు దెబ్బలు వినబడినచో అది షాఫ్టుతో సమానముగా తిరుగుదానిలో, అనగా క్రాసులోనో, పినియనులోనో, ఉన్నది. నెమ్మదిగా పోవునప్పుడు పిచ్చుకవలె కిచకిచమనుచు, వేగము హెచ్చగానే అణగిపోవునది సాధారణముగా గ్రీజు లేక ఎండిన క్రాసు.

చక్రముల బేరింగులకు మలుపే పరీక్ష. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రముపై పడును. కుడికి తిరిగినప్పుడు ఎడమ చక్రముపై పడును. విశాలమైన మైదానములో నెమ్మదిగా పాము నడకగా నడిపినచో, ఎడమ మలుపున రొద హెచ్చి కుడి మలుపున తగ్గినయెడల కుడి బేరింగును అనుమానింపవలెను. దీనికి భిన్నముగా, తిన్నని దారిలో ఏ చప్పుడును లేక, ఏ ప్రక్క మలుపునను కటకటమనునది గూటిలోని చిన్న చక్రముల లోపము. అవి మలుపులోనే గదా తమలో తాము తిరుగును! వాని వెనుకనుండు పలుచని వాషరులు అరిగియుండును, లేదా వానిని మోయు కడ్డీ అరిగియుండును.

బండి కదలునప్పుడును, గేరు మార్చినప్పుడును ఒక్కసారి ఠక్కుమని కొట్టుకొనుట వేరొక జాతి చప్పుడు. ఇది అనేక చిన్న సందుల మొత్తము: క్రాసులలో కొంత, షాఫ్టు జారుడు జాయింటులో కొంత, పండ్ల నడుమ కొంత, వాషరులలో కొంత, యాక్సిలు గాళ్లలో కొంత. బండిని చదునున నిలిపి, నాలుగు చక్రములకును ముందువెనుకల రాళ్లు పెట్టి, ఇంజను ఆర్పి, షాఫ్టును చేతితో ఇటునటు త్రిప్పి చూచినచో ఆట ఎచ్చటనున్నదో కన్నులకు కనబడును. పినియను కొనను చేతబట్టి పైకి క్రిందికిని, ముందుకు వెనుకకును కదలింపవలెను. చుట్టు తిరుగుటలో స్వల్పమైన ఆట సహజమే. కాని పైకి క్రిందికి గాని, ముందుకు వెనుకకు గాని చేతికి తెలియునంత ఆట ఉండనేకూడదు. ఉన్నచో పినియను బేరింగుల బిగువు సడలినదన్న మాట.

నాలుగు చక్రముల బండికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. ముందు చక్రముల హబ్బులకు విడుపు మీటలు లేని జీపులలో, ముందు ఇరుసునకు బలమీయకున్నను, చక్రములతోపాటు ముందు డిఫరెన్షియలు, ముందు షాఫ్టు తిరుగుచునే యుండును. వెనుకదనుకొన్న రొద ముందుది కావచ్చును. ఈ చిక్కుకు విరుగుడుగూడ ఈ బండిలోనే కలదు. వెనుక ప్రొపెల్లరు షాఫ్టును విప్పివేసి, ముందు ఇరుసును కలిపి, ముందు చక్రముల బలముతోనే కొంతదూరము మెల్లగా నడుపవచ్చును. లాగునప్పటి ఊళ మాయమైనచో అది వెనుక పండ్లదో, వెనుక షాఫ్టుదో. ఊళ అట్లే నిలిచినచో అది గేరుపెట్టెది గాని, ట్రాన్స్‌ఫరు పెట్టెది గాని, ముందు ఇరుసుది గాని. గుర్రుమనుట మారనిచో బేరింగులను, టైర్లను చూడవలెను. రెండు షాఫ్టులును ఉండగా ముందు ఇరుసును కలిపి ఎండిన తారురోడ్డుపై ఈ పరీక్షలు చేయరాదు. రెండు ఇరుసులును ఒకదానితో నొకటి పెనుగులాడి లేని చప్పుళ్లను పుట్టించును. పైగా పండ్లకు చేటు.

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక చేయవలసియున్నది. ఈ పాత జీపులలో చేతిబ్రేకు చక్రములమీద ఉండదు. ట్రాన్స్‌ఫరు పెట్టె వెనుకనుండు చిన్న డోలుపై ఉండును. అది షాఫ్టును పట్టుకొనును గాని చక్రములను నేరుగా పట్టుకొనదు. వెనుక షాఫ్టు విప్పినచో ఆ బ్రేకు వెనుక చక్రములకు అందనే అందదు. షాఫ్టు ఉన్నను, జాకీతో ఒక వెనుక చక్రమును ఎత్తిన క్షణమున, గాలిలోని చక్రము వెనుకకు తిరుగుచు, నేలపైనున్న చక్రమును ముందుకు పోనిచ్చును. పెక్కర్ కనిపెట్టిన యంత్రము తన ధర్మమును తాను నెరవేర్చును. బ్రేకు వేసితినిగదా యని నమ్మినవానిమీదికి బండి దొర్లిపడును. అందుచేత చదునైన నేల, చక్రములకు గట్టి రాళ్లు, జాకీకి తోడు ఇనుప స్టాండులు గాని బలమైన కొయ్యదిమ్మెలు గాని లేకుండ ఎవరును బండి క్రిందికి దూరరాదు. జాకీ ఒక్కదానిని నమ్మరాదు. ఎత్తిన చక్రములను ఇంజనుతో గాక చేతితోనే త్రిప్పి చూడవలెను.

చెవి చెప్పినదానికి నూనె సాక్ష్యమిచ్చును. ఇరుసు చల్లబడిన పిమ్మట, బండి చదునుననుండగా, నూనెపోయు రంధ్రపు మూత విప్పి చిటికెనవ్రేలు పెట్టి చూడవలెను. నూనె రంధ్రపు క్రింది అంచువరకు ఉండవలెను. ఈ ఇరుసులోని పినియను క్రౌను చక్రపు నడిమి రేఖకు క్రిందుగా అమర్చబడియుండుటచే పండ్లు ఒకదానిపై నొకటి ఒరుసుకొనుచు జారును. ఆ ఒరిపిడిని ఓర్చుటకు తగిన మందులు కలిపిన, హైపాయిడ్ పండ్లకు పనికివచ్చు 90 నంబరు గేరాయిలునే పోయవలెను. ఇంజనాయిలు పనికిరాదు. నూనెలో సన్నని బూడిదరంగు మడ్డి కొంచెము ఉండుట వయోధర్మము. తళతళలాడు పెళుసులు, పన్ను ముక్కలు కనబడినచో విప్పక తప్పదు. నూనె మజ్జిగవలె తెల్లబడినచో లోనికి నీరు చేరినదన్న మాట. వేడెక్కిన ఇరుసుతో వాగులో దిగినప్పుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకొని నీటిని లోనికి పీల్చును. ఇరుసుపైనుండు చిన్న గాలిరంధ్రము బురదతో పూడినచో, వేడి గాలి పోవు దారిలేక నూనెను సీలులగుండ బయటికి త్రోయును. ఆ నూనె బ్రేకు లైనింగులపై పడిన పర్యవసానము చెప్పనక్కరలేదు. పాత బండిని కొనువారు ఇంకొక మోసమును కనిపెట్టియుండవలెను. ఊళ వినబడకుండుటకు ఇరుసులో రంపపుపొట్టు కలిపి అమ్మజూపువారు కలరని పెద్దలు చెప్పుదురు. మూతవిప్పి నూనెను వ్రేళ్ల నడుమ నలిపి చూచినచో గుట్టు బయటపడును.

విప్పవలసియే వచ్చినచో రెండు నియమములను మరువరాదు. క్రౌను చక్రమును, పినియనును కర్మాగారమున ఒకదానితో నొకటి రాపిడిచేసి జతగా గుర్తువేసినవి. ఒకటి అరిగినదని దానినొక్కదానినే మార్చుట భార్యాభర్తలలో ఒకరిని మార్చుటవంటిది. జతను జతగానే మార్చవలెను. రెండవది: కొత్త జతను వేసినంత మాత్రమున పని ముగియలేదు. పండ్ల నడుమ సందు అంగుళములో వేయింట 5 మొదలు 7 వంతుల వరకు ఉండవలెను. షిమ్ములు అను పలుచని రేకులను చేర్చియు తీసియు దానిని సరిచేయుదురు. తరువాత పండ్లకు నూనెలో కలిపిన సిందూరమును పలుచగా పూసి త్రిప్పినచో, ఒరిపిడి తగిలినచోట సిందూరము చెరగి మచ్చ కనబడును. మచ్చ పన్ను నడుమ ఉన్నచో అమరిక మంచిది. పన్ను అంచుపైన ఉన్నచో పినియను దూరముగా ఉన్నది. పన్ను మొదట లోతున ఉన్నచో పినియను మరీ లోనికి పోయినది. ఈ సిందూర పరీక్ష చేయక మూత బిగించిన ఇరుసు కొత్త పండ్లతోనే ఊళవేయును. మా మేనమామగారి బండిలో చేరిన రెండవ రోగమునకు కారణమిదియే.

ఏ చప్పుడుతో ఇల్లు చేరవచ్చును, ఏ చప్పుడుతో బండిని అక్కడనే నిలుపవలెను? కొంతకాలముగా ఒకే తీరుననున్న సన్నని ఊళ భయపెట్టదు. నూనె సరిగానున్నచో పాత బండ్లు దానితోనే ఏండ్ల తరబడి నడచును. దానిని మాన్పబోయి చెడగొట్టుటకంటె భరించుటయే మేలు. దినదినము హెచ్చుచున్న గుర్రుమనుటను ఉపేక్షింపరాదు. పళ్లు కొరుకునట్టి కటకట, చుట్టున కొకసారి గట్టి దెబ్బ, కాలిన నూనె వాసన, చేయి పెట్టలేనంతగా కాలుచున్న హబ్బు: వీనిలో ఏది కనబడినను బండిని ప్రక్కకు తీసి నిలుపవలెను. పన్నుముక్క అడ్డుపడినను, పినియను బేరింగు పట్టివేసినను, వెనుక చక్రములు ఒక్కసారిగా బిగిసిపోవును. ఘాటురోడ్డు దిగునప్పుడు అట్లు జరిగిన నేమగునో ఊహించుకొనుడు.

సిజె-3బి ఇరుసులో మరియొక విశేషము కలదు. బండి బరువును చక్రమునకు చేర్చునది యాక్సిలు షాఫ్టే. దాని కొన శంఖమువలె సన్నగిలియుండును. హబ్బును ఆ కొనకు ఒక చీలయు, ఒక పెద్ద నట్టును పట్టియుంచును. నట్టు వదులైనచో బండి కదలునప్పుడెల్ల టిక్కుమను సన్నని చప్పుడు వచ్చును. దానిని అలక్ష్యము చేసినచో చీల తెగును, షాఫ్టు విరుగును. ఇట్టి ఇరుసులో షాఫ్టు కొన విరిగినచో చక్రము హబ్బుతోకూడ బండిని విడిచి పోవును.

మా మేనమామగారు చివరకు తమ ఊరిలోని ఒక ముదుసలి మేస్త్రీని పిలిపించిరి. ఆయన చేతిలో పనిముట్టు ఒక్కటియు లేదు. వెనుక సీటులో కూర్చుండి, “అయ్యా, ఎడమకి తిప్పండి... ఇప్పుడు కుడికి తిప్పండి” అని రెండు మూడు మారులు చెప్పి, కన్నులు మూసికొని వినెను. ఎడమ మలుపున రొద హెచ్చెను. బండి నిలిపి కుడి హబ్బుపై చేయిపెట్టి వెంటనే తీసికొనెను. “క్రౌనుకేం రోగం లేదు బాబూ, కుడి బేరింగు పోయింది. ఘాటు దిగకుండా వచ్చారు, అదృష్టం” అనెను. విప్పి చూడగా బేరింగు రోలర్లు పెచ్చులూడి యుండెను. షాఫ్టు కొనవద్ద నీలిరంగు కాలిన మచ్చ కనబడెను. మొదటి షెడ్డువారు తీసివేసిన పాత క్రౌను, పినియనులు అద్దమువలె నునుపుగానున్నవి. వానినే మరల అమర్చి, సిందూరముతో సరిచూచి, కొత్త బేరింగు వేసిరి. అటుపిమ్మట ఆ బండి ఎన్నో యేండ్లు సద్దులేక నడచెను.

ఆ మేస్త్రీకి తెలిసినది మనకు తెలియరానిది కాదు. బండి మాటలాడుచునే యుండును. ఎప్పుడు, ఏ వేగమున, ఏ మలుపున, ఏ బరువున మాటలాడుచున్నదో ఒక కాగితముపై వ్రాసికొని షెడ్డుకు పోయినచో సగము వైద్యము ఇంటివద్దనే జరిగినట్లు. ఇంతటినుండి జీపులో వెనుకనుండి మ్రోత వినబడినప్పుడు విప్పుడని తొందరపడక, శ్రుతి సరిచూచుకొను గాయకునివలె ఒక్క నిమిషము చెవి యొగ్గుడు.